తూటాకు ఒరిగినవారి స్థూపాలు

1966 నవంబరు 1. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సరిగ్గా పదేళ్లు నిండిన రోజు. ఉక్కు కర్మాగారం విశాఖలోనే పెట్టాలంటూ రోడ్డెక్కిన జనంపై ఆ రోజు విశాఖపట్నంలో పోలీసులు కాల్పులు జరిపారు. తొమ్మిది మంది చనిపోయారు. వారిలో తొమ్మిదేళ్ల పిల్లవాడూ ఉన్నాడు. రాష్ట్రమంతటా ఈ ఉద్యమంలో ప్రాణాలు పోయినవారు 32 మందని ఉద్యమకారుల లెక్క. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. పరవాడ, గాజువాక, పెదగంట్యాడ ప్రాంతమంతా పరిశ్రమల నేలగా మారడంలో దానిది పెద్ద పాత్ర.

ఆ కర్మాగారమే అమరవీరులకు స్మారకమని వేదికల మీద తరచూ వినిపించే మాట. అందులో నిజముంది, కానీ అది సరిపోదు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' నినాదం నోటికి రానివారు విశాఖ ప్రాంతంలో ఉండరు. ఆ తొమ్మిది మంది పేర్లు చెప్పగలిగేవారు ఎందరు? కొలిమి ఉక్కునిస్తుంది, జీతమిస్తుంది. ఫలానా ఊరి ఫలానా మనిషి ఫలానా రోజు తూటా తగిలి పోయాడని చెప్పాల్సింది రాయే.

పోలీసుల చేతిలో పోయినవారికి రాయి నిలబెట్టడం ఎంత కష్టమో తెలంగాణలోని ఇంద్రవెల్లి చెబుతుంది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూమి పట్టాలడుగుతూ గిరిజన రైతుకూలీ సంఘం పిలిచిన సభకు గోండులు తరలివచ్చారు. సభకు అనుమతి లేదన్నారు, కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మందని ప్రభుత్వం చెప్పింది. 60కి పైనేనని పౌరహక్కుల సంఘాలు అన్నాయి. అంకెల దగ్గరే ఇంత తేడా ఉన్నప్పుడు స్మారకం కూడా ఒక సాక్ష్యమవుతుంది. అందుకే కాబోలు, ఉద్యమకారులు కట్టిన ఎర్ర స్థూపాన్ని 1986లో పేల్చేశారు. మరుసటి ఏడాది ప్రభుత్వమే మళ్లీ కట్టించింది. కట్టించినా ఏటా ఏప్రిల్ 20 వచ్చేసరికి ఆ చుట్టుపక్కల 144 సెక్షన్, పోలీసు పికెట్లు ఉండేవి. చనిపోయిన తమవాళ్లకు దండం పెట్టుకోవడానికి కూడా గోండులు దశాబ్దాలపాటు అనుమతి అడుక్కోవలసి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడికి వెళ్లి నివాళులర్పించారు, స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. మధ్యలో గడిచినవి దాదాపు నలభై మూడేళ్లు.

హైదరాబాదు గన్‌పార్కు స్థూపానిది వేరే దారి. 1969 తెలంగాణ ఉద్యమంలో పోయినవారి కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు దాన్ని రూపొందించారు. దగ్గరికి వెళ్లి చూస్తే అడుగున నల్లరాతి మీద చిన్నచిన్న రంధ్రాలు కనిపిస్తాయి. తూటాలు దిగిన గుర్తులకు ప్రతీకగా శిల్పి చెక్కినవి అవి. చావు ఎలా వచ్చిందో ఒక్క అక్షరం లేకుండా చెప్పిన శిల్పం ఇది. తెలుగునాట ఉన్న స్మారకాల్లో ఇంత నిక్కచ్చిగా మాట్లాడేవి అరుదు. ఈ స్థూపానికి 1970లో శంకుస్థాపన జరిగినప్పుడూ అడ్డంకులు ఎదురయ్యాయి. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక మాత్రం ప్రభుత్వ వేడుకలు అక్కడి నివాళులతోనే మొదలవుతున్నాయి.

ఈ తేడాకు కారణం కనిపిస్తూనే ఉంది. ఏ కోరిక కోసం చనిపోయారో ఆ కోరికను ప్రభుత్వం తనదిగా చేసుకున్నప్పుడు వారు అమరులవుతారు. మందస జమీందారీ పోరాటంలో 1940 ఏప్రిల్ 1న తూటాకు ఒరిగిన గున్నమ్మ నేడు 'వీర గున్నమ్మ' కావడానికి జమీందారీలు పోవడమూ, తెల్లదొరల పాలన ముగియడమూ తోడ్పడ్డాయి. ఇంద్రవెల్లి అడిగిన భూమి ప్రశ్న మిగిలే ఉంది కనుకే అక్కడి రాయి అన్నేళ్లు కాపలాలో ఉండిపోయింది.

ఇక స్మారకాల మీద రాసే రాత. చాలా ఫలకాల మీద అమరవీరులకు జోహార్లు ఉంటాయి, ఆవిష్కరించిన నాయకుడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. కాల్చిందెవరో ఉండదు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరి ఉత్తర్వు మీద అన్నది అసలే ఉండదు. పోయినవారి పేరు, ఊరు, వయసు, కాల్పులు జరిగిన చోటు, తేదీ, పోలీసు కాల్పులన్న మాట: ఇవి లేని స్థూపం చరిత్రను సగమే చెబుతుంది.

2021 జనవరిలో కేంద్రం విశాఖ ఉక్కును అమ్మేందుకు నిర్ణయించాక, కూర్మన్నపాలెం దగ్గర కార్మికుల దీక్షా శిబిరం మొదలైంది. ఉపన్యాసాల్లో 32 మంది త్యాగం మళ్లీ వినిపించింది. ఆ 32 మంది జాబితాను ఊరూ వయసూ సహా సరిచూసి కర్మాగారం ద్వారం దగ్గరే చెక్కించవచ్చు. కర్మాగారం కోసం నిర్వాసితులైన కుటుంబాల పిల్లలు నడిచే దారి అది.