హోసూరులో వాణిజ్య భవనాలు: అభ్యంతరం ఎప్పుడు చెప్పాలి?

2019లో హోసూరు కార్పొరేషన్ అయింది. పాత ఇళ్ల వీధుల పక్కనే పెద్ద వాణిజ్య భవనాలు లేస్తున్నాయి. పునాది తవ్వాక మనవాళ్లు అర్జీ పట్టుకుని తిరుగుతున్నారు. అప్పటికే ఆలస్యం.

తమిళనాడులో 1971 నాటి పట్టణ, గ్రామ ప్రణాళిక చట్టం, 2019 నాటి భవన నియమాల ప్రకారం అనుమతి ఇస్తారు. మాస్టర్ ప్లానులో ఆ స్థలం ముందే వాణిజ్య ప్రాంతమైతే ఇరుగుపొరుగును అడగరు. నివాస ప్రాంతాన్ని వాణిజ్యానికి మార్చాలంటే మాత్రం పత్రికలో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు కోరతారు. మన మాటకు చోటున్నది అక్కడే.

తమిళంలో వచ్చిన ప్రకటన తెలుగు బడిలో చదివిన పెద్దలకు అందదు. 2006 చట్టం వల్ల బడిలో తమిళం తప్పనిసరిగా నేర్చుకున్న పిల్లలు చదవగలరు. ఆ చట్టం మీద మన బాధ వేరే సంగతి; ఈ పనికి మనవడిని పక్కన కూర్చోబెట్టుకోవాలి.

'మాకు ఇబ్బంది' అని రాస్తే చాలదు. సర్వే నంబరు, రోడ్డు వెడల్పు, పార్కింగు, వాననీరు పోయే దారి రాయాలి. ఎత్తు 18.30 మీటర్లు దాటితే బహుళ అంతస్తుల నియమాలు వర్తిస్తాయి. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరితే పర్యావరణ అనుమతీ కావాలి. ప్లాను నకలు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జవాబుకు 30 రోజుల గడువుంటుంది కాబట్టి దాని కోసం ఆగకుండా అభ్యంతరం ముందే ఇవ్వండి.

గుమాస్తాగా నేను చూసింది ఇదే: గడువులోపల వచ్చిన కాగితం ఫైల్లో చేరుతుంది, తర్వాత వచ్చింది కట్టలో పడి ఉంటుంది. ఇచ్చిన రోజే రసీదు అడిగి తీసుకోండి.