బరువును బట్టే ఎత్తు

బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది. స్టేజీ సామాను, జనరేటరు, వంట గిన్నెలు ట్రెయిలర్లకెత్తి హాలుకు చేర్చేది ఏటా ఇక్కడ అమెరికాలో మన సంఘం సభ్యుల పికప్ ట్రక్కులే. ట్రక్కు కొన్నవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "ముందు భాగం కిందికి దిగినట్టుంది, దాన్ని లేపి సమం చేసే లెవలింగ్ కిట్ వేయించమంటారా? ఏది మంచిది?" దీనికి జవాబు చెప్పడం సంఘం బాధ్యత అనుకుంటున్నాం. ఎందుకంటే తప్పు కిట్ పడితే ఇబ్బంది యజమానితో ఆగదు. వెనక సీట్లోని పిల్లలకూ, ఎదురుగా వచ్చే బండికీ అది ముప్పే.

ముందు తగ్గు, వెనక ఎత్తు అన్నది కంపెనీ చేసిన లోపం కాదు. జమ్మికుంట యార్డుకు పత్తి, ఆదిలాబాద్ యార్డుకు సోయా బస్తాలు మోసే బొలెరో పికప్‌ను ఖాళీగా ఉన్నప్పుడు పక్క నుంచి చూడండి. వెనక కమాన్ కట్టలు వంపు తిరిగి, డబ్బా పైకి లేచి ఉంటుంది. బస్తాలు పడుతున్నకొద్దీ ఆ పట్టీలు సాపు అవుతూ, నిండు లోడుకు బండి సమంగా కూర్చుంటుంది. ఇక్కడి ఫోర్డ్ ఎఫ్-150 అయినా, టొయోటా టకోమా అయినా సూత్రం అదే. వెనక పడబోయే బరువు కోసం ఆ ఎత్తును ముందే దాచి ఉంచారు.

మన ఊళ్లలో ఎడ్లబండికి బస్తాలు వేసిన రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. బరువు ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది. వెనక్కి మొగ్గితే నొగ పైకి లేచి పట్టెడ గొంతుకు బిగుస్తుంది. ట్రెయిలర్ తగిలించిన ట్రక్కుదీ అదే సంగతి. ట్రెయిలర్ మొత్తం బరువులో దాదాపు 10 నుంచి 15 శాతం ట్రక్కు వెనక కొక్కెం మీద పడాలి. ముందు భాగాన్ని కిట్‌తో పూర్తిగా సమం చేసేసిన ట్రక్కుకు ఆ బరువు తగిలిందంటే వెనక భాగం కుంగి, మూతి ఆకాశం చూస్తుంది. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు పట్టు సడలుతుంది.

అందుకే కిట్ ఎంచుకునే పని టేపుతో మొదలుపెట్టాలి. చదునైన నేల మీద, ట్యాంకు నింపి, రోజూ మోసే సామానుతోనే ట్రక్కును నిలపండి. చక్రం మధ్య బిందువు నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు చోట్లా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి లెక్క తప్పిస్తాయి. ముందుకూ వెనక్కూ 2 అంగుళాల తేడా వచ్చిందంటే 1.5 అంగుళాలకు మించి లేపకండి. మిగిలిన అర అంగుళం లోడు కోసం. తరచూ ట్రెయిలర్ లాగేవాళ్లు అసలు లేపకపోవడమే మంచిది.

కిట్లలో రకాలున్నాయి. షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కలిసిన స్ట్రట్ పైన పెట్టే స్పేసర్ అన్నిటికన్నా చవక. స్ట్రట్ కింది ఆర్మ్‌కు మధ్యలో బిగించి ఉంటుంది కాబట్టి స్పేసర్ మందం కన్నా చక్రం దగ్గర వచ్చే ఎత్తు ఎక్కువ. అంగుళం ముక్క పెట్టి అంగుళమే లేస్తుందనుకోవద్దు. స్ప్రింగును నొక్కి బిగించే స్పేసర్లు ప్రయాణాన్ని గట్టిపరుస్తాయి. ఖర్చు భరించగలిగితే, ఎత్తు సర్దుకునే వీలున్న బిల్‌స్టీన్ 5100 లాంటి కొత్త షాకులు మేలు. షెవర్లే 2500 హెచ్‌డీ లాంటి ట్రక్కుల్లో స్ప్రింగుకు బదులు మెలితిరిగే కడ్డీ, అంటే టార్షన్ బార్ ఉంటుంది, దాన్ని బిగించే 'కీ'లను మారుస్తారు. ఏ రకమైనా 2 అంగుళాలు దాటుతున్నకొద్దీ బాల్ జాయింట్లు, ముందు యాక్సిల్ జాయింట్లు వాలు కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి.

బిగించగానే పని అయిపోయినట్టు కాదు. వీల్ అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. హెడ్‌లైట్లు గోడ మీద చూసి కిందికి దించండి, లేకపోతే వాటి వెలుగు నేరుగా ఎదుటివాడి కళ్లలో పడుతుంది. తనంతట తానే బ్రేకు వేసే వ్యవస్థ ఉన్న ట్రక్కులకు కెమెరా, రాడార్ సరిచూడాలా అని డీలరును అడగండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఏ కిట్టూ ట్రక్కు మోయగల బరువును పెంచదు. డ్రైవర్ తలుపు పక్కనున్న చీటీ మీది అంకే చివరి మాట. వారంటీ గురించి భయపడేవాళ్లకు 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం అండగా ఉంది. బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు కాదు. కానీ చెడిపోవడానికి ఆ పార్టే కారణమైతే ఆ ఖర్చు మనదే.

మూతి పైకి, తోక కిందికి పెట్టే మోజును నార్త్ కరోలినా రాష్ట్రం 2021 డిసెంబరు 1 నుంచి నిషేధించింది. ముందు ఫెండర్ వెనకదాని కన్నా 4 అంగుళాలు గానీ అంతకు మించి గానీ ఎత్తుండకూడదు. అక్కడి షార్లెట్, రాలీలోని మన పిల్లలకు ఈ సంగతి ఇంట్లోనే చెప్పాలి.

ఊళ్లో తమ్ముడికో బావమరిదికో పికప్ కొనిచ్చేవాళ్లకూ ఒక విన్నపం. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ గానీ, 2022లో భారతదేశానికి వచ్చిన టొయోటా హైలక్స్ గానీ కొనివ్వండి, సంతోషం. కానీ ఇక్కడి ఫొటోలు పంపి అలాగే లేపమని ఒత్తిడి పెట్టకండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా నిలబెట్టింది. మితిమీరిన లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000 జరిమానా. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగే బండికి కావాల్సింది మంచి బ్రేకులు, మంచి టైర్లు, విరగని కమాన్ కట్టలు. పంపే డబ్బు వాటికి పంపండి.

ఈసారి పండుగ సామాను మోయబోయే సభ్యులందరినీ ఒకటే కోరుతున్నాం. ఊళ్లో ధర్మకాంటా ఉన్నట్టే ఇక్కడ ట్రక్ స్టాపుల్లో కాటా ఉంటుంది. ట్రెయిలర్ తగిలించి, సామాను ఎక్కించి ఒక్కసారి దాని మీద నిలపండి. ముందు చక్రాల బరువు, వెనక చక్రాల బరువు విడివిడిగా కాగితం మీద వస్తాయి. కిట్ అవసరమా కాదా, ఎంత ఎత్తు అన్నది ఆ కాగితం చూసి తేల్చుకోండి. అప్పటిదాకా డబ్బు చేతిలోనే ఉంచుకోండి.