పూత కప్పుటకా, కాచుటకా?

వడ్రంగిచేత బల్లనో, బీరువానో చేయించుకొనువారు కొయ్యను గూర్చి పది ప్రశ్నలడుగుదురు. టేకా, వేపా? చేవ ఎంత? బాగుగా ఆరినదేనా? పని ముగిసి పూత వేయు వేళకు మాత్రము ఒక్క ప్రశ్నయే మిగులును: మెరుపు బాగుగా వచ్చునా? నా అభిప్రాయమున అది కట్టకడపట అడుగవలసిన ప్రశ్న. ఆ వస్తువు దినదినము ఏమేమి ఓర్చుకొనవలసియున్నది? పూత అరిగిననాడు దానిని ఎవరు, ఎట్లు బాగుచేయుదురు? ఈ రెండును ముందుగా తేలవలెను.

చెట్టును నరికినంతమాత్రమున కొయ్య గాలిలోని తేమతో సంబంధము తెంచుకొనదు. వానకాలమున తేమను పీల్చి అడ్డముగా ఉబ్బును. ఎండకాలమున దానిని విడిచి ముడుచుకొనును. శ్రావణమాసమున బిగిసిన సొరుగు వైశాఖమున సులువుగా జారుట ఇందువలననే. ఏ పూతయు ఈ మార్పును పూర్తిగా ఆపజాలదు, నెమ్మదింపజేయును, అంతే. కావున బల్ల పైభాగమునకు పూత వేసి, కనబడదు గదా యని అడుగుభాగమును విడిచిపెట్టుట తగదు. ఒకవైపు త్వరగాను, మరియొకవైపు మెల్లగాను తేమ మారినచో పలక వంగిపోవును.

మన యెదుట ముఖ్యముగా మూడు మార్గములున్నవి. మొదటిది నూనె. అవిసెనూనె నీటివలె ఆవిరియై ఆరునది కాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. కొబ్బరినూనె అట్లు గట్టిపడదు. జిడ్డుగా నిలిచి దుమ్ము పట్టును. అవిసెనూనె పూసిన కొయ్యను తాకినచో కొయ్యను తాకినట్లే యుండును. నీటికిని మరకలకును అది అంతగా ఆగదు గాని, వెలసినపుడు గుడ్డతో మరల పూయుటకు ఇంటివారే చాలుదురు. ఒక్క హెచ్చరిక: ఆ నూనెలో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలకు పడవేయరాదు. అవి తమంత తామే వేడెక్కి అంటుకొనగలవు. విప్పి, విడివిడిగా బయట పరచి ఆరబెట్టవలెను.

రెండవది లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగులు స్రవించు పదార్థమిది. దీనిపై పరిశోధనకై 1924లోనే రాంచీ సమీపమున నామ్‌కుమ్‌లో ప్రత్యేకముగా ఒక సంస్థ వెలసినది. వరాహనది ఒడ్డుననున్న ఏటికొప్పాకలో పనివారు తిరుగుచున్న అంకుడు కొయ్యకు రంగులక్కను ఒత్తిపట్టుదురు. ఆ రాపిడి వేడికే లక్క కరగి కొయ్యను అంటుకొనును. బల్లలకు, బీరువాలకు విధానము వేరు. శుద్ధిచేసిన లక్కను స్పిరిట్‌లో కరగించి, దూదిని గుడ్డలో చుట్టి, పలుచని పూతలు అనేకము వేయుదురు. వేడి కాఫీగ్లాసు పెట్టినచో దీనిపై తెల్లని వలయ మేర్పడును. ఇది దీని దోషము. కొత్త పూత పాత పూతను కొంత కరగించి దానితో ఏకమగును; ఇది దీని గుణము. చెడినంత మేరకే దిద్దుకొనవచ్చును.

మూడవది పాలీయురిథేన్. నేటి ఇండ్లలో ఎక్కువగా వినబడు పేరిది. నీటికిని, రాపిడికిని ఓర్చుటలో మొదటి రెండును దీనికి సాటిరావు. దీనిని నిందించుట నా ఉద్దేశ్యము కాదు. అయితే గట్టిపడిన పూతను కొత్త పూత కరగింపజాలదు. లోతుగా గీత పడినచో తరచు ఆ పలకనంతయు గరుకుకాగితముతో రుద్ది మరల పూయవలసివచ్చును. మరియు రెండుపాళ్లు కలిపి చిమ్ము రకములలో ఐసోసయనేట్‌లుండును. అవి పనివాని ఊపిరితిత్తులకు హానికరములు. ధర తగ్గింపుమని బేరమాడు గృహస్థు ఆ పనివాని ముఖమున తగిన రక్షణ తొడుగు ఉన్నదా యని కూడ చూడవలెను.

ఇంటనున్న వస్తువులన్నిటికిని ఒకే పూత వేయించుట మన వాడుక. అదియే సరికాదందును. నిత్యము తడి తగులు భోజనపు బల్లకు, పదిమంది పిల్లలు రాపాడించు బడి బల్లకు పాలీయురిథేన్ తగును. పుస్తకముల బీరువాకు, అద్దపు చట్రమునకు లక్క చాలును. చేయి ఆనించి వ్రాసుకొను బల్లకు, పట్టెమంచమునకు నూనెయే హాయి.

ఏటేట నూనె పూయుటకు తీరిక ఎక్కడిదని కొందరందురు. సంక్రాంతి ముందు ఇంటికి సున్నము వేయుటకు, గడపకు పసుపు పూయుటకు తీరిక చేసుకొన్న జాతి మనది. పండుగ పనులలో దీనిని చేర్చుకొనుట భారము కాదు.

ఉపాధ్యాయులు, విద్యార్థులు నా మాటనే నమ్మనక్కరలేదు. వడ్రంగి వద్ద మిగిలిన ముక్కలు మూడు తెచ్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పూత పెద్దల సమక్షమున, గాలి ఆడు చోట, చేతితో వేసి చూడుడు. పూర్తిగా ఆరిన పిమ్మట నీటిబొట్టు ఉంచి మరునాడు పరిశీలింపుడు. గోటితో గీచి, ఆ గీతను మాన్పుటకు ప్రయత్నింపుడు. ఏది ఎందుకు తగునో చేతులకే తెలియును. బాగుచేయుటకు వీలున్న వస్తువు మనుమల కాలమువరకు ఇంట నిలుచును. దానిని బాగుచేయు పనివానికి ఊరిలో పని నిలుచును. వీలులేనిది మొదటి గీతకే అటకెక్కును. చేతితో మలచిన వస్తువును ఆ గతి పట్టనీయరాదని నా మనవి.