కాలేజీలో కురిసిన వాన ఎటు పోతోంది?

శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను 1513లో ముట్టడించాడు. అంతటి రాయలకు కూడా గజపతుల చేతుల్లోంచి దాన్ని దక్కించుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. 1514లో గానీ కోట వశం కాలేదు. చుట్టూ శత్రువు మాటు వేసినప్పుడు లోపలివాళ్లు అన్నాళ్లు ఎలా నిలబడ్డారు? గోడల బలం ఒక్కటే సరిపోదు. కొండ మీద పడిన చినుకును కొండ మీదే దాచుకోకపోతే కత్తి కన్నా ముందు దాహమే ఆ కోటను లొంగదీసేది.

ఐదొందల ఏళ్లు గడిచాయి. ఇప్పుడు అదే కొండ చుట్టుపక్కల కాలేజీ మేడలున్నాయి, హాస్టళ్లున్నాయి. పర్యావరణం పాఠం సిలబస్‌లోనే ఉంది. ఆ పాఠాన్ని అన్ని స్థాయుల్లో చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. తర్వాత యూజీసీ దాన్ని డిగ్రీలో అందరికీ తప్పనిసరి చేసింది. మార్కులు సరే... ఆ మేడ మీద పడిన వాన మాత్రం గొట్టంలోంచి దిగి, రోడ్డు మీదుగా కాలువలోకి పోతోంది. వేసవి రాగానే చూపులు ట్యాంకరు వైపు!

నెల్లూరు అనగానే అందరికీ పెన్నా, వరిచేలు, మొలగొలుకులు గుర్తొస్తాయి. ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు వెళ్లేకొద్దీ ఆ పచ్చదనం పలచబడుతుంది. ఎర్రనేల, రాతిగుట్టలు, సర్కారు తుమ్మ పొదలు మొదలవుతాయి. ఆత్మకూరు పక్కనే 78 టీఎంసీల సోమశిల జలాశయం ఉన్నా, మెట్ట పల్లెలకు బోరే దిక్కు. ఆ బోరు నీళ్లలోనూ చాలాచోట్ల ఫ్లోరైడ్. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దల కీళ్లు, ఎముకలు బిగుసుకుపోతాయి. అందుకే ఈ ప్రాంతంలో ‘పచ్చని క్యాంపస్’ అంటే గేటు దగ్గర పూలకుండీలు కాదు. పిల్లలు ఏ నీళ్లు తాగుతున్నారన్నదే మొదటి ప్రశ్న.

లెక్క వేస్తే తెలుస్తుంది

చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. వెయ్యి చదరపు మీటర్ల కాలేజీ కప్పు మీద ఏడాదిలో 700 మిల్లీమీటర్లు కురిసిందనుకుందాం. మొత్తం 7 లక్షల లీటర్లు! ఆవిరికీ, కప్పు కడగడానికీ అయిదో వంతు పోయినా 5 లక్షల 60 వేల లీటర్లు చేతికొస్తాయి. హాస్టల్లో 300 మంది ఉండి, ఒక్కొక్కరు రోజుకు 4 లీటర్లు తాగితే, 220 రోజులకు కావలసింది 2 లక్షల 64 వేల లీటర్లే. అంటే పడినదాంట్లో సగం కూడా కాదు. దాన్ని దాచడానికి 10 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు ఉన్న తొట్టి చాలు. మూడు క్లాసురూముల పాటి చోటు కూడా అక్కర్లేదు.

వాననీటిలో ఫ్లోరైడ్ సమస్య ఉండదు. మొదటి జల్లుల నీళ్లు వదిలేయాలి. తర్వాతి నీళ్లను ఇసుక, గులకరాళ్ల మీదుగా వడకట్టి, వెలుతురు సోకని తొట్టిలో నింపి, క్లోరిన్ కలిపి, అప్పుడప్పుడూ పరీక్ష చేయించాలి. ఇదేమీ కొత్త విద్య కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం నీటినీ నేలనీ చెట్లనీ కలిపి చూడమనే చెప్పింది. ఇంకుడుగుంతల మాట ‘నీరు-మీరు’ రోజుల నుంచీ వింటున్నదే.

ఆర్వో ప్లాంటు ఉందిగా అంటారా? ఉంది. కానీ అది ఫ్లోరైడ్‌ను మాయం చేయదు. మంచినీళ్లు ఒకవైపు ఇచ్చి, వదిలేసే నీళ్లలో ఉప్పునూ ఫ్లోరైడ్‌నూ చిక్కబరుస్తుంది. ఆ వ్యర్థ జలాన్ని ఇంకుడుగుంతలోకి వదిలారంటే... విషాన్ని తిరిగి బోరుకే తాగిస్తున్నట్లు! ఆ నీళ్లను మరుగుదొడ్లు కడగడానికి వాడుకోవడం మేలు. ఇంకుడుగుంతకు వెళ్లాల్సింది స్వచ్ఛమైన వాననీరే.

జూన్ 5... మన చెట్టుకు కాదు!

ప్రపంచ పర్యావరణ దినోత్సవాన్ని 1973 నుంచి ఏటా జూన్ 5న జరుపుకొంటున్నారు. కె.ఎం.మున్షీ 1950లో మొదలుపెట్టిన వనమహోత్సవం జులైలో వస్తుంది. రెండూ మంచివే. కానీ నెల్లూరు జిల్లాకు ప్రాణం పోసేవి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాలు. జూన్‌లో ఇక్కడ ఇంకా వడగాడ్పులే. ఆ ఎండలో నాటిన మొక్క ఫొటోలో పచ్చగా ఉంటుంది, నెల తిరిగేసరికి పుల్లవుతుంది. మరుసటేడు కొత్త మొక్క పట్టుకుని వచ్చిన విద్యార్థి ‘‘సార్, ఇది పోయినేడు తవ్విన గుంతే కదా!’’ అని నవ్వాడంటే తప్పు అతనిది కాదు.

జూన్ 5న గుంతలు తవ్వి, ఎరువు వేసి, నారు పెంచడం మొదలుపెట్టొచ్చు. నాటే పండుగను వానలకు ముందు, సెప్టెంబరు చివరికి జరుపుకోవచ్చు. తొందరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ లాంటివి తేవడం కన్నా వేప, కానుగ, చింత, నేరేడు మేలు. కోనోకార్పస్ నాటడాన్ని గుజరాత్ 2023లో నిషేధించింది కూడా. అసలు పరీక్ష మాత్రం ఏప్రిల్, మే నెలల్లో. సెలవులకు అందరూ ఊళ్లకెళ్తే మొక్కకు నీళ్లెవరు పోస్తారు? మొదట్లో ఒక మట్టికుండ పాతి వారానికోసారి నింపితే నీరు మెల్లగా ఊరుతూ వేళ్లకు అందుతుంది. పాత పద్ధతే, కరవు నేలకు సరిపోయే పద్ధతి. ఎన్ని నాటారన్నది కాదు, మూడో వేసవి దాటి ఎన్ని బతికాయన్నది బోర్డు మీద రాయాలి.

ఈ మాట నమ్మబుద్ధి కాకపోతే మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీని చూడాలి. అక్కడి విద్యాసంస్థకు 1926లో పునాది పడింది. అదీ ఇలాంటి కరవు నేలే, ఇలాంటి రాతికొండలే. దశాబ్దాల పాటు చెట్లు పెంచారు, వాననీరు ఇంకేలా చెరువులు కట్టారు. 1991 నాటికి ఆ లోయ పక్షుల సంరక్షణ ప్రాంతంగా గుర్తింపు పొందింది. ఒక్క రోజు ఉత్సవంతో వచ్చిన పచ్చదనం కాదది. ఒక తరం నాటింది, ఇంకో తరం కాపాడింది.

ఊరి చెంచా ఊరి కాలేజీకి

ఉదయగిరికి కోటతో పాటు మరో పేరుంది... చెక్క చెంచాలు! భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చెంచాలు, ఫోర్కులు, గరిటెలు ఇక్కడి ఇళ్లలో ఆడవాళ్ల చేతుల్లో తయారవుతాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలను దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. క్యాంటీన్‌లో రోజుకు 400 ప్లేట్లు లేస్తే, 250 రోజుల్లో లక్ష చెంచాలు చెత్తబుట్టలోకి పోయినట్లే. అదే నాలుగైదు వందల చెక్క చెంచాలు కొని, కడిగి, ఆరబెట్టి వాడుకుంటే? చెత్త తగ్గుతుంది, పక్క వీధిలోని అమ్మకు పని దొరుకుతుంది.

ఇక్కడా ఒక మెలిక ఉంది. చెంచాకు కావలసిన కలప చుట్టుపక్కల కొండల నుంచే రావాలి. కొనేవాళ్లు పెరిగి చెట్లు పెరగకపోతే కళా మిగలదు, కొండా మిగలదు. కాలేజీ ఖాళీ స్థలాల్లో ఆ కలప జాతుల మొక్కలు పెంచితే? ఏ చెట్టు చెక్క చెంచాకు పనికొస్తుందో చెప్పడానికి నిపుణుల కోసం వెతకనక్కర్లేదు. ఆ కళాకారిణులే గురువులు.

ఆశకు తావుంది

ఆత్మకూరు ఎమ్మెల్యేగా, రాష్ట్ర పరిశ్రమల మంత్రిగా ఉన్న మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరి 21న కన్నుమూశారు. ఉదయగిరిలో వాళ్ల కుటుంబం స్థాపించిన ఇంజినీరింగ్ కాలేజీ ‘మెరిట్స్’ ప్రాంగణంలోనే అంత్యక్రియలు జరిగాయి. ఆ ప్రాంగణాన్ని వ్యవసాయ విశ్వవిద్యాలయం కోసం ప్రభుత్వానికి ఇవ్వడానికి ఆ కుటుంబం ముందుకొచ్చింది. ఉదయగిరి లాంటి మెట్టలో సాగు చదువుకు చోటు దొరకడమన్న ఆ ఆలోచన విలువైనది. అయితే ఈ నేల మీద వ్యవసాయం నేర్పాలంటే మొదటి పాఠం పుస్తకంలో ఉండదు. మేడ మీద పడిన వానను పట్టడంతోనే అది మొదలవుతుంది.

హరిత ప్రాంగణాలకు యూజీసీ ‘సతత్’ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. న్యాక్ గుర్తింపుకూ గ్రీన్ ఆడిట్ అడుగుతారు. ఫైలు సిద్ధం చేయడం కష్టమేమీ కాదు. కానీ ఆ లెక్కలు విద్యార్థుల చేతే రాయిస్తే? బోరు మోటారు ఎన్ని గంటలు నడిచింది, తొట్టిలో నీళ్లు ఎంత లోతున్నాయి, ఎన్ని మొక్కలు బతికాయి, బస్తాల్లో ఎంత చెత్త పోయింది... నెలకోసారి నోటీసు బోర్డు మీద పెడితే చాలు. ఈ ఏడాది బ్యాచ్ రాసిన పుస్తకాన్ని వచ్చే ఏడాది బ్యాచ్ అందుకుంటుంది.

మీ అమ్మాయో అబ్బాయో సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మార్కులతో పాటు ఈ ఒక్కటీ అడిగి చూడండి: ‘‘మీ కాలేజీ మీద పడిన వాన ఎటు పోతోందమ్మా?’’ జవాబు తెలియదంటే కంగారు పడనక్కర్లేదు. వెళ్లి చూసి రమ్మనండి. కోటను ఏడాదికి పైగా నిలబెట్టిన కిటుకు కాలేజీని నిలబెట్టడానికీ పనికొస్తుంది!