తలుపు తీసినవాళ్లదేనా తప్పు?

"వచ్చినవాళ్లందరికీ వైఫై పాస్‌వర్డ్ చెప్పేస్తావేంమా?" అని మొన్న మా అబ్బాయి కసిరాడు. పండక్కొచ్చిన చుట్టాల పిల్లలు అడిగితే చెప్పాను. ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చినట్టే కదా అనుకున్నాను. "ఆ ఒక్క పాస్‌వర్డుతో నాన్న ఆఫీసు కంప్యూటరున్న చోటికే వాళ్ల ఫోన్లూ చేరతాయి" అన్నాడు.

అప్పుడు నాకు కర్నూలు దగ్గర పల్లెలో మా అవ్వ వాళ్ల మిద్దె గుర్తొచ్చింది. వీధి తలుపు పగలంతా తెరిచే ఉండేది. కానీ కొత్తవాళ్లు పడసాల దాటేవాళ్లు కాదు. గింజలుండే కొట్టిడికి వేరే గడియ, నగల పెట్టెకు వేరే తాళం. తాళంచెవి అవ్వ బొడ్లో. కంప్యూటర్ల నెట్‌వర్కునూ ఇలాగే గదులుగా విడదీయాలట. ఒక గదిలో దొంగ పడ్డా పక్క గదిలోకి పోలేడు.

అలా విడదీయకపోతే ఏమవుతుందో హైదరాబాదులోని ఏ.పి. మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో చూశాం. 2021 నవంబరులో ఉద్యోగులకు 200కు పైగా దొంగ ఈమెయిళ్లు వచ్చాయి. ఒకరిద్దరు తెరిచారు. ప్రధాన కార్యాలయం, శాఖల నెట్‌వర్కులను సరిగా విడదీయలేదని పోలీసుల దర్యాప్తులో తేలింది. 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా దొంగల పాలైంది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

ఇలాంటివి విన్నప్పుడు మనం మొదట అడిగేది "ఆ మెయిలు తెరిచిందెవరు?" అనే. ఇంట్లోనూ అంతే. ఫోన్లో ఏదో లింకు నొక్కింది ఇల్లాలైతే ఇక చెప్పనక్కర్లేదు. "చదువుకుని ఏం లాభం?" అని ఏడాదంతా దెప్పుతారు. జాగ్రత్త అవసరమే, కాదనను. కానీ వందమంది పనిచేసే చోట ఎప్పుడో ఒకరు పొరబడక మానరు. ఆ ఒక్క పొరపాటుకు ఇల్లంతా దోచుకుపోయేలా కట్టినవాళ్లను వదిలేసి, తలుపు తీసినవాళ్లనే నిలదీయడం ఏం న్యాయం? జరిమానా కట్టాల్సింది బ్యాంకే అని రిజర్వు బ్యాంకు చెప్పిందంటే, అర్థం అదే కదా!

మన డబ్బు దాచే బ్యాంకునూ, మన రోగాల చిట్టా దాచే ఆసుపత్రినీ అడుగుదాం: "లోపలి తలుపులున్నాయా?" అని. ఇంట్లో మన వంతు పనీ ఉంది. చాలా వైఫై పెట్టెల్లో చుట్టాల కోసం వేరే దారి, గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది. మా అబ్బాయి చేత అది పెట్టించాను. టీవీని కూడా అందులోకే మార్పించాను.

ఇప్పుడు ఎవరడిగినా పాస్‌వర్డు నిశ్చింతగా చెప్తున్నాను. అది పడసాల వరకే. కొట్టిడి తాళం నా బొడ్లోనే ఉంది.