బండికి పాదరక్షలు

చెప్పుల దుకాణానికి వెళ్ళినవాడు ముందు తన పాదం చూసుకుంటాడు. తరవాత నడవబోయే దారి తలచుకుంటాడు. చిట్టచివర జేబు తడుముకుంటాడు. కొండదారుల్లో తిరిగే బండికి టైర్లు కొనబోయేవాడు మాత్రం ఈ మూడూ మరచిపోయి, పక్కవీధిలో ఎవరిదో బండి చూసి వస్తాడు. వాటి టైర్లు ఏనుగు పాదాల్లా వున్నాయి గనుక తనకూ అలాంటివే కావాలంటాడు.

ఒకప్పుడు జీపంటే తహసీల్దారుగారిదో, అటవీశాఖవారిదో అయివుండేది. 2020లో కొత్తరూపంలో వచ్చిన మహీంద్రా థార్, 2023లో మనదేశంలో అమ్మకానికి వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ వంటి బండ్లతో ఆ ముచ్చట మామూలు ఉద్యోగస్థుల ఇళ్ళకూ చేరింది. బండి వచ్చి నెల తిరక్కుండా ఇంట్లో కుర్రవాడు, “నాన్నా, టైర్లు మార్పిద్దాం” అంటాడు. తండ్రి ధర విని గతుక్కుమంటాడు. తల్లి, “వున్నవాటికేం వచ్చిందిరా?” అంటుంది. ముగ్గురిలో సరైన ప్రశ్న వేసింది ఆవిడే.

ఈ బండ్ల టైర్లు ముఖ్యంగా మూడు తరగతులు. తారురోడ్డుకోసం చేసినవి హెచ్.టి.; వీటి గాళ్ళు సన్నం, చప్పుడు తక్కువ. రోడ్డుకూ మట్టిబాటకూ మధ్యస్థంగా వుండేవి ఏ.టి. కేవలం బురదకోసం చేసినవి ఎమ్.టి.; వీటిమీద పెద్దపెద్ద రబ్బరు దిమ్మలు, వాటిమధ్య లోతైన సందులు వుంటాయి. మన నల్లరేగడి నేలలో వాన పడ్డాక వెళ్ళిచూడండి, ఆ సందులెందుకో తెలుస్తుంది. మామూలు టైరు గాళ్ళలో మట్టి కూరుకుపోయి, టైరు రోడ్డు రోలరులా నున్నగా తయారవుతుంది. ఇక అది తిరుగుతుందే తప్ప కదలదు. ఎమ్.టి. టైరు తిరిగేకొద్దీ ఆ మట్టిని విసిరికొట్టి, మళ్ళీ నేలను పట్టుకుంటుంది.

అలాగని బురదటైరే అన్నింటికంటే గొప్పదనుకోకండి. సందులెక్కువ కాబట్టి రోడ్డుకు తగిలే రబ్బరు తక్కువ. వాన కురిసిన తారురోడ్డుమీద బ్రేకు వేస్తే బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. గోల ఎక్కువ, అరుగుదల ఎక్కువ, పెట్రోలు ఖర్చూ ఎక్కువే. మెత్తని ఇసుకలో ఆ దిమ్మలే గుంట తవ్వి చక్రాన్ని పాతేస్తాయి. సంవత్సరానికి రెండుసార్లు బురదలో తిరగడంకోసం, మిగిలిన రోజులన్నీ పిల్లల్ని బడికి దింపే బండిని జారుడుకు అప్పగించడం ఏం లాభం? పది మైళ్ళలో తొమ్మిది తారుమీద తిరిగేవారికి ఏ.టి. చాలు. అడవిముఖం చూడనివారికి కంపెనీ ఇచ్చినవే మేలు.

ఇక టైరుమీది అంకెలు. 245/75 ఆర్16 అని వుంటే, టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు. పక్కభాగం ఎత్తు అందులో 75 శాతం, అంటే సుమారు 184. రిమ్ము 16 అంగుళాలది. 2020 థార్‌లో ఒక రకానికి ఈ కొలతే ఇచ్చారు. మరో రకానికి 255/65 ఆర్18 ఇచ్చారు. రిమ్ము పెద్దదై నిగనిగలాడుతుంది గాని, పక్కభాగం ఎత్తు 166కి పడిపోయింది. రాళ్ళబాటలో దెబ్బ కాచుకొనేది ఆ రబ్బరే. కాబట్టి అడవికి వెళ్ళేవారికి చిన్న రిమ్ము, ఎత్తైన రబ్బరు కలిసివస్తాయి. శ్రీశైలం అడవిలో ఇష్టకామేశ్వరి గుడికి జీపులో వెళ్ళివచ్చినవారికి ఆ రబ్బరు విలువ నేను చెప్పనక్కరలేదు.

ఒక సైజు పెంచి 265/75 ఆర్16 వేయించారనుకోండి. టైరు మొత్తం ఎత్తు 774 నుంచి 804 మిల్లీమీటర్లవుతుంది. కాని బండి అడుగు నేలకు ఎడమయ్యేది ఇందులో సగమే, అంటే 15 మిల్లీమీటర్లు. చిటికెనవేలి మందం! అందుకు చెల్లించే మూల్యమో? స్పీడుమీటరు 80 అని చూపిస్తున్నప్పుడు బండి 83తో పోతూ వుంటుంది. ఇంజను ఎక్కువ బరువు తిప్పాలి, బ్రేకు ఎక్కువ బరువు ఆపాలి. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకోనూవచ్చు. పైగా, తయారీదారు నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఆధారంగా సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. ప్రమాదం జరిగిననాడు బీమా కంపెనీతో వాదించేది మనమే గదా!

చక్రాల సంగతీ చూద్దాం. ఇనుప రిమ్ము బరువు, అందం అంతంతమాత్రం. కాని రాయి తగిలి వంగితే సుత్తితో సరిచేసుకొని ఇంటికి చేరవచ్చు. అల్లాయ్ రిమ్ము తేలిక, చూడముచ్చట. గట్టి దెబ్బ తగిలితే బీటలువారుతుంది. ఏది కొన్నా బోల్టుల వలయం కొలత సరిపోవాలి. జిమ్నీకి ఐదు బోల్టులు, 139.7 మిల్లీమీటర్లు. నడుమ రంధ్రమూ, చక్రం లోపలికీ వెలుపలికీ కూర్చునే దూరమూ సరిచూడాలి. చక్రం మరీ బయటికి వస్తే బేరింగులమీద భారం పడుతుంది.

దుకాణంలో మరో రెండు గుర్తులు చదవండి. టైరు పక్కన డి.ఓ.టి. అక్షరాల వరస చివర నాలుగంకెలు వుంటాయి. 1424 అంటే 2024వ సంవత్సరం 14వ వారంలో తయారైనదని అర్థం. గోదాములో ఏళ్ళతరబడి పడివున్న సరుకు చౌకగా ఇస్తానన్నా పుచ్చుకోకండి. సైజు తరువాత వుండే అంకె టైరు మోయగల బరువు చెబుతుంది. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు. కంపెనీ చెప్పినదానికన్నా ఆ అంకె తగ్గకూడదు. నాలుగు టైర్లూ, స్టెప్నీ కూడా ఒకే కొలతలో వుండాలి. లేకపోతే నాలుగు చక్రాల గేరు వేసినప్పుడు చక్రాలు తలో లెక్కన తిరిగి, ఆ తిప్పలు గేర్ల పళ్ళమీద పడతాయి.

అన్నింటికన్నా చౌకైన మార్పు మరొకటుంది: గాలి. మామూలుగా 30 పౌండ్ల ప్రాంతంలో వుండే గాలిని మెత్తని ఇసుకలో 18 దాకా తగ్గిస్తే, నేలకు ఆనే రబ్బరు పొడుగు పెరిగి బండి తేలికగా సాగుతుంది. ఇంకా బాగా తగ్గిస్తే టైరు రిమ్మునుంచి వూడివచ్చే ప్రమాదం వుంది. తిరిగి తారురోడ్డెక్కగానే గాలి నింపడం మాత్రం మరవకూడదు. గాలి తక్కువైన టైరు వేగంగా తిరిగితే వేడెక్కి పగిలిపోతుంది. ఆ సమయంలో వెనకసీటులో మీ పిల్లలే వుండవచ్చు.

కనుక టైర్లకు దాచిన డబ్బు చేతిలో వుంటే ఖర్చు ఈ వరసలో పెట్టండి. ముందు ఒక గాలి మీటరు, చిన్న గాలిపంపు, గట్టి జాకీ కొనండి. తరవాత వున్న టైర్లు అరిగేదాకా వాడుకోండి. అరిగాక, మీరు నిజంగా తిరిగిన దార్లన్నీ ఒక కాగితంమీద రాసి, ఆ కాగితం పట్టుకొని దుకాణానికి వెళ్ళండి.