తాళం చెవి వెనక్కి ఇచ్చారా?

కెమెరా వాడుకోవాలంటే యాప్ మిమ్మల్ని అడుగుతుంది. మైక్ కావాలన్నా, లొకేషన్ కావాలన్నా, కాంటాక్ట్స్ కావాలన్నా అడగాల్సిందే. మీరు ‘అలో’ నొక్కితేనే పని. కానీ నిన్న డౌన్‌లోడ్ చేసుకున్న చిన్న టార్చిలైట్ యాప్ కూడా మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా నేరుగా వెళ్లి తలుపు తట్టే చోటు మీ ఫోన్‌లో ఒకటుంది. అదే గ్రాఫిక్స్ డ్రైవర్. తెర మీద ఏం గీయాలన్నా దాదాపు ప్రతి యాప్‌కీ అది కావాలి. అందుకే దానికి పర్మిషన్ అంటూ ఏమీ పెట్టలేదు.

ఈ డ్రైవర్ ఉండేది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో. కెర్నెల్ చేతికి చిక్కితే ఫోన్ మొత్తం చిక్కినట్టే. అంటే ఊరందరికీ తెరిచి ఉన్న తలుపొకటి నేరుగా బీరువా ఉన్న గదిలోకే ఉందన్నమాట. దానికి కాపలా ఎలా ఉంటుంది, ఎక్కడ తప్పుతుంది అన్నదే ఈ వారం కబురు. ‘తర్వాత గుర్తుచెయ్’ అంటూ మీరు పక్కకి తోసేస్తున్న అప్‌డేట్‌కీ దీనికీ నేరుగా సంబంధం ఉంది.

ఒక్క తెర, పది ఎంబీ

ముందు చిన్న లెక్క. మీ ఫోన్ తెర 1080 × 2400 అనుకుందాం. అంటే దాదాపు 26 లక్షల చుక్కలు. ఒక్కో చుక్క రంగు రాసుకోవడానికి 4 బైట్లు. మొత్తం కోటీ మూడు లక్షల బైట్లకు పైనే, సుమారు 10 ఎంబీ. ఇది ఒక్క బొమ్మకే. ఇలా బొమ్మను పట్టి ఉంచే మెమరీ ముక్కనే బఫర్ అంటారు.

ఒక్క బఫర్‌తో పని జరగదు. తెర ఒకదాన్ని చూపిస్తుంటే, యాప్ ఇంకోదాంట్లో తర్వాతి బొమ్మ గీస్తూ ఉండాలి. మధ్యలో ఆలస్యమైతే పనికొస్తుందని మూడోది. అంటే ఒక్క యాప్ తెరకే 30 ఎంబీ దాకా పోతుంది. 120 హెర్ట్జ్ ఫోనైతే ఈ బఫర్ల మార్పిడి 8.3 మిల్లీసెకన్లకోసారి జరగాలి. ఒక్కటి తప్పినా మీ వేలు కింద రీల్ ‘టక్’మని ఆగినట్టు అనిపిస్తుంది.

గేమింగ్ కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. ఫోన్‌లో ఆ వైభోగం లేదు. ప్రాసెసర్, జీపీయూ, కెమెరా, తెర అన్నీ ఒకే ర్యామ్ మీద బతకాలి. ఉమ్మడి కుటుంబం లాంటిదే. ఎవరికెంత, ఎవరు వాడుతున్నారు, ఎవరు వదిలేశారు అనే లెక్క చూసే పెద్దమనిషి ఒకరుండాలి. ఆ పెద్దమనిషే కెర్నెల్ డ్రైవర్.

వస్తువు కదలదు, చీటీ కదులుతుంది

మీరు 4కే వీడియో తీస్తున్నారు. ఒక్కో ఫ్రేమ్ సుమారు 12 ఎంబీ. సెకనుకు 30 ఫ్రేములు. కెమెరా నుంచి జీపీయూకి, అక్కడి నుంచి వీడియోను కుదించే చిప్‌కి, మళ్లీ తెరకి ప్రతిసారీ కాపీ చేస్తూ పోతే, ఒక్కో మజిలీకి సెకనుకు 370 ఎంబీకి పైగా అదనపు మోత. బ్యాటరీ కరిగిపోతుంది, ఫోన్ కాలిపోతుంది.

దీనికి లైనక్స్ వాళ్లు కనిపెట్టిన దారి డీఎంఏ-బఫ్. 2012లో వచ్చిన లైనక్స్ 3.3లో ఇది చేరింది. సుమిత్ సెమ్వాల్ దీని రచయిత. ఆలోచన చాలా సింపుల్. బఫర్ ఉన్నచోటే ఉంటుంది. చేతులు మారేది చిన్న చీటీ మాత్రమే. చీటీ ఉన్నవాళ్లు ఆ బఫర్‌ను వాడుకోవచ్చు. ఆండ్రాయిడ్ కూడా తన పాత అయాన్ పద్ధతిని వదిలేసి ఇప్పుడు ఈ డీఎంఏ-బఫ్ దారిలోకే వచ్చేసింది.

చీటీలు పెరిగితే లెక్క కూడా జాగ్రత్తగా ఉండాలి కదా. డ్రైవర్ మూడు విషయాలు చూసుకుంటుంది. ఒకటి, ఈ బఫర్ ఎంతమంది చేతిలో ఉంది? ఆ అంకె సున్నా అయితేనే మెమరీని వెనక్కి తీసుకోవాలి. రెండు, రాస్తున్నవాడి పని అయిపోయిందా? జీపీయూ సగం గీసిన బొమ్మను తెర చదివేస్తే మీకు చిరిగిన బొమ్మ కనిపిస్తుంది. అందుకే ‘పని అయింది’ అని జెండా ఊపేదాకా రెండోవాళ్లను ఆపుతారు. ఆ జెండా పేరే ఫెన్స్. మూడు, అసలైనది, తాళాలు.

రెండు తాళాల గది

ర్యామ్‌ను కెర్నెల్ చిన్న చిన్న గదులుగా, అంటే పేజీలుగా విడగొడుతుంది. ఎక్కువ ఫోన్లలో ఒక్కో పేజీ 4 కేబీ. మన పది ఎంబీ బఫర్‌కి సుమారు 2,500 గదులు కావాలి. ఏ గది ఎవరిదో చెప్పే పట్టిక ప్రాసెసర్‌కి ఒకటి ఉంటుంది. చాలామందికి తెలియని సంగతేంటంటే, జీపీయూకి కూడా సొంత పట్టిక వేరే ఉంటుంది. అంటే ఒక్కో గదికి రెండు తాళం చెవులన్నమాట.

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు ఏం చేస్తాడు? తాళం చెవులన్నీ లెక్కపెట్టి తీసుకుంటాడు. ఒక్కటి పాత మనిషి జేబులో ఉండిపోయిందనుకోండి. కొత్తగా దిగినవాళ్లు సామాన్లు సర్దుకుంటారు, నగలు బీరువాలో పెట్టుకుంటారు. పాతాయన ఏ రాత్రో వచ్చి తలుపు తీసుకుని లోపలికి నడుస్తాడు.

డ్రైవర్ కూడా సరిగ్గా ఇలాగే పొరబడుతుంది. బఫర్‌ను వదిలించుకుంది, పేజీలను కెర్నెల్‌కి తిరిగిచ్చింది. కానీ జీపీయూ పట్టికలో ఆ పేజీల పేరు కొట్టేయడం మరిచింది. ఆ పేజీల్లోకి ఇప్పుడు ఇంకో యాప్ సమాచారమో, కెర్నెల్ సొంత లెక్కలో వచ్చి కూర్చుంటాయి. పాత యాప్ మాత్రం జీపీయూ ద్వారా వాటిని చదువుతుంది, రాస్తుంది కూడా. దీన్నే ‘యూజ్ ఆఫ్టర్ ఫ్రీ’ అంటారు. ఖాళీ చేశాక కూడా వాడుకోవడం.

ఇది ఊహ కాదు

2022 జూన్, జులై నెలల్లో గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం ఆర్మ్ కంపెనీ మాలీ జీపీయూ డ్రైవర్‌లో ఐదు లోపాలు పట్టుకుంది. వాటిలో మూడు అచ్చంగా ఈ తాళం చెవి తరహావే. ఆర్మ్ చురుగ్గానే స్పందించింది. జులై, ఆగస్టుల్లోనే మరమ్మతు ఇచ్చేసింది. తీరా నవంబర్‌లో ఆ బృందం మళ్లీ పరీక్షిస్తే, వాళ్లు చూసిన మాలీ ఫోన్లన్నీ ఇంకా పాత డ్రైవర్‌తోనే ఉన్నాయి. సాక్షాత్తూ గూగుల్ పిక్సెల్ కూడా ఆ జాబితాలో ఉంది!

అదే ఏడాది గిట్‌హబ్ సెక్యూరిటీ ల్యాబ్ పరిశోధకుడు మాన్ యూ మో ఇంకోటి చూపించాడు. ర్యామ్ నిండుకున్నప్పుడు డ్రైవర్ ‘ప్రస్తుతం అక్కర్లేని’ బఫర్లను తీసేసి చోటు చేస్తుంది. ఆ హడావిడిలో జరిగే ఒక లెక్క పొరపాటును పట్టుకుని, మామూలు యాప్‌తోనే పిక్సెల్ 6 మీద పూర్తి అధికారం సాధించాడు. ఆర్మ్ మరమ్మతు 2022 అక్టోబర్‌లో వచ్చింది. పిక్సెల్ ఫోన్లకు చేరింది 2023 జనవరిలో.

2023 అక్టోబర్‌లో మరీ ఘోరం. మాలీలోని సీవీఈ-2023-4211 అనే లోపాన్ని కొందరిని గురిపెట్టి ఇప్పటికే వాడుతున్నట్టు ఆధారాలున్నాయని ఆర్మ్ చెప్పింది. అదే నెలలో క్వాల్‌కామ్ కూడా తన అడ్రినో జీపీయూ డ్రైవర్ గురించి ఇలాంటి హెచ్చరికే చేసింది. కాబట్టి ‘నాది స్నాప్‌డ్రాగన్, నాకేంటి’ అనుకోవద్దు.

నాకు కోపం తెప్పించేది

లోపాలు రావడం మీద నాకు కోపం లేదు. లక్షల పేజీలు, రెండు పట్టికలు, పదుల కొద్దీ యాప్‌లు, 8 మిల్లీసెకన్ల గడువు... ఇంత ఒత్తిడిలో లెక్క ఎక్కడో తప్పుతుంది. రాసేది మనుషులే. కోపమంతా మందు తయారయ్యాక కూడా రోగికి చేరకపోవడం మీదే. ఆర్మ్ రాసిన మరమ్మతు చిప్ తయారీదారును, ఫోన్ కంపెనీని దాటుకుని మన దగ్గరికి రావాలి. ఈలోపు మరమ్మతు బయటపడింది కాబట్టి, తాళం ఎక్కడ వదులో దొంగకీ తెలిసిపోతుంది. ఇంటాయనకే తెలియదు.

మనం పదిహేను వేలు పెట్టి ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెళ్లు అడుగుతాం, చార్జింగ్ వాట్లు అడుగుతాం. ‘సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? ఎన్ని నెలలకోసారి?’ అని షాపులో అడిగినవాళ్లు ఎంతమంది?

మీరు చేయాల్సింది

సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’లోకి వెళ్లి, ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. నెలతో పాటు రోజు కూడా గమనించండి. సాధారణంగా 1వ తేదీ అని ఉంటే ఆండ్రాయిడ్ మరమ్మతులు మాత్రమే వచ్చాయని అర్థం. 5 అని ఉంటే కెర్నెల్, చిప్ కంపెనీల మరమ్మతులు కూడా కలిశాయని. గ్రాఫిక్స్ డ్రైవర్ మందు ఈ రెండో పొట్లంలోనే ఉంటుంది.

తేదీ ఆరునెలల కిందటిదైతే ఈ రాత్రే ఫోన్ చార్జింగ్‌లో పెట్టి అప్‌డేట్ ఉందేమో వెతకండి. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోనైతే పారేయమని అనను. దాంట్లో ప్లే స్టోర్ బయటి యాప్‌లు, ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైళ్లు మాత్రం ఎక్కించకండి. వీలైతే బ్యాంకు యాప్‌లు వేరే ఫోన్‌కి మార్చండి. అమ్మానాన్నల ఫోన్ కూడా ఓసారి తీసి చూడండి. మనింట్లో అన్నిటికన్నా పాత తేదీ ఉండేది సాధారణంగా వాళ్ల ఫోన్‌లోనే.